విమానంలో క్యాబిన్ క్రూ ఏం చేస్తారు, ఎందుకలా చేస్తారు: తరచుగా అడిగే ప్రశ్నలు

శంషాబాద్ నుంచి ఢిల్లీకో ముంబైకో వెళ్ళే ఎయిర్‌బస్ ఏ320 విమానాన్ని దృష్టిలో పెట్టుకుని ఈ జవాబులు రాశాం. మన దేశంలో లోపలి ప్రయాణాల్లో ఎక్కువమంది ఎక్కేది ఈ రకమే. వేరే విమానాల్లో తేడా ఉన్నచోట ఆ మాట అక్కడే చెప్పాం.

విమానంలో ఎంతమంది క్రూ ఉండాలో ఎవరు నిర్ణయిస్తారు?

దేశంలో విమానయాన భద్రతను చూసే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ. లెక్క చాలా సులువు: ప్రతి 50 సీట్లకు ఒకరు, మిగిలిన ముక్కకు ఇంకొకరు. 180, 186 సీట్ల ఏ320కి నలుగురు. 220 దాటిన ఏ321కి ఐదుగురు. హైదరాబాద్ నుంచి రాజమండ్రి లాంటి ఊళ్ళకు తిరిగే ఏటీఆర్ 72లో 78 సీట్లుంటే ఇద్దరు. ఇక్కడ లెక్క సీట్లది, మనుషులది కాదు. విమానంలో 40 మందే ఉన్నా ఏ320లో నలుగురూ ఉండాల్సిందే. ఎందుకంటే ఈ నియమం భోజనాలు అందించడం కోసం పెట్టింది కాదు, తలుపుల కోసం, జనాన్ని బయటికి పంపడం కోసం పెట్టింది. ఒకరికి చివరి నిమిషంలో జ్వరం వస్తే స్టాండ్‌బైలో ఉన్నవాళ్ళు వచ్చేదాకా విమానం కదలదు. "క్రూ కోసం ఎదురుచూస్తున్నాం" అనే ప్రకటన వెనక చాలాసార్లు ఉండే కారణం ఇదే.

వాళ్ళ పని ఎప్పుడు మొదలవుతుంది?

మీరు విమానం ఎక్కడానికి చాలా ముందే. సంస్థను బట్టి బయలుదేరే సమయానికి గంట, గంటన్నర ముందు రిపోర్ట్ చేయాలి. ముందు బ్రెత్ ఎనలైజర్ పరీక్ష. ఫ్లైట్‌కు 12 గంటల ముందు నుంచి మద్యం ముట్టకూడదు. మౌత్‌వాష్ పుక్కిలించినా యంత్రం పట్టేస్తుంది కాబట్టి, ఆల్కహాల్ కలిసిన మౌత్‌వాష్, టూత్ జెల్ లాంటివి వాడకూడదని డీజీసీఏ 2023లో నిబంధనల్లోనే రాసింది.

తర్వాత బ్రీఫింగ్. ఎవరు ఏ తలుపు దగ్గర, ఈ రోజు వీల్‌చైర్ ప్రయాణికులు ఎందరు, పసిపిల్లలు ఎందరు, ఒంటరిగా వచ్చే పిల్లలున్నారా, దారిలో వాతావరణం ఎలా ఉంది అన్నీ అక్కడే తేలతాయి. లీడ్ క్రూ (ఆ ఫ్లైట్‌లో క్రూకు పెద్ద) ఒక్కొక్కరినీ భద్రత మీద ప్రశ్నలడుగుతారు. "నీ తలుపు బయట మంటలుంటే ఏం చేస్తావు?", "సిలిండర్ ఎక్కడుంది, గేజ్ ఎక్కడ ఉండాలి?" లాంటివి. జవాబు తడబడితే మళ్ళీ అడుగుతారు. అప్పటికీ రాకపోతే ఆ రోజు ఆ మనిషి ఆ ఫ్లైట్ ఎక్కరు.

ఖాళీ విమానంలో అంతసేపు ఏం వెతుకుతారు?

రెండు పనులు. ఒకటి, పరికరాల తనిఖీ. ఎవరి చోట ఉన్నవి వాళ్ళే చూసుకుంటారు: హేలాన్ అనే వాయువున్న ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ గేజ్ పచ్చ గీతలో ఉందా, సీల్ ఊడిందా, పొగ ముసుగు పెట్టె మీద ముద్ర చెక్కుచెదరకుండా ఉందా, ఆక్సిజన్ సిలిండర్ నిండుగా ఉందా, మాస్కు దానికే తగిలించి ఉందా, మెగాఫోన్ పలుకుతుందా, టార్చి మీద చిన్న లైటు మిణుకుమంటుందా, గుండె ఆగినప్పుడు వాడే ఏఈడీ మీద పచ్చ గుర్తు కనిపిస్తుందా. తలుపు దగ్గర రెండు గేజ్‌లు చూడాలి, స్లయిడ్‌ను, అంటే అత్యవసర జారుడుబల్లను ఉబ్బించే గ్యాస్ సీసాది ఒకటి, తలుపును ఊపుగా తోసే సిలిండర్‌ది ఇంకొకటి. ఏదైనా తక్కువగా ఉంటే క్యాబిన్ లాగ్‌బుక్‌లో రాసి ఇంజనీర్‌ను పిలుస్తారు. అన్నీ సరిగ్గా ఉన్నాయని లీడ్ చెబితేనే కెప్టెన్ బోర్డింగ్‌కు సరేనంటారు.

రెండోది భద్రతా సోదా. సీటు జేబులు, సీటు కింద లైఫ్ జాకెట్ సంచి, తల పైన అరలు, టాయిలెట్ చెత్తబుట్ట, గ్యాలీలో (విమానం వంటగదిలో) ఖాళీ ట్రాలీలు అన్నీ చేత్తో తడిమి చూస్తారు. తమది కాని వస్తువు దొరికితే దాన్ని ముట్టుకోరు, కెప్టెన్‌కు చెబుతారు.

గుమ్మం దగ్గర నమస్కారం మర్యాద కోసమేనా?

మర్యాదే, కానీ ఆ రెండు సెకన్లలో కళ్ళు వేరే పని చేస్తుంటాయి. ఎవరు తూలుతున్నారు, ఎవరికి చెమటలు పడుతున్నాయి, ఎవరి చేతికి కట్టు ఉంది, ఎవరి సంచి అరలో పట్టదు, ఏ పిల్లాడికి అమ్మవారు పోసినట్టు ఒంటినిండా పొక్కులున్నాయి. ఒంట్లో బాగోలేని మనిషిని నేల మీద ఉండగానే ఆపితే పది నిమిషాల ఆలస్యం. అదే ఆకాశంలో తేలితే విమానాన్ని నాగ్‌పూర్‌లో దించాల్సి రావచ్చు. ఇంకో చూపు కూడా ఉంది: సైనికులు, పోలీసులు, డాక్టర్లు, గట్టి ఒంటి కుర్రాళ్ళు ఎక్కడ కూర్చున్నారో గుర్తుపెట్టుకుంటారు. ప్రమాదం వస్తే తలుపు దగ్గర సాయానికి పిలిచేది వాళ్ళనే.

తలలు ఎందుకు లెక్కపెడతారు? టికెట్లు స్కాన్ చేశారు కదా?

గేటు దగ్గర స్కాన్ అయినవాళ్ళంతా విమానంలోకి వచ్చారన్న నమ్మకం ఏమీ లేదు. ఎవరో ఫోన్ మర్చిపోయి ఏరోబ్రిడ్జి మీద వెనక్కి వెళ్ళి ఉండొచ్చు. అందుకే చేతిలో క్లిక్కర్ నొక్కుతూ వెనక నుంచి ముందుకో, ముందు నుంచి వెనక్కో వరుసవరుసగా లెక్కిస్తారు. ఒడిలో పసిపిల్లల లెక్క వేరు. అది "176 ప్లస్ 3" అని చెబుతారు. గ్రౌండ్ స్టాఫ్ చేతిలో ఉన్న సంఖ్యతో ఇది కలవాలి. కలవకపోతే మళ్ళీ మొదటి నుంచి. ఎక్కువసార్లు తేడా వచ్చేది టాయిలెట్‌లో ఉన్నవాళ్ళ వల్ల, దుప్పటి కింద నిద్రపోయిన పిల్లల వల్ల. ఎక్కని మనిషి చెక్-ఇన్ పెట్టె విమానం అడుగున సామాన్లలో ఉంటే దాన్ని వెతికి దించేదాకా బయలుదేరరు.

ఇదే సందర్భంలో ఒక మాట. ముందు వరుసలు ఖాళీగా ఉన్నాయని టేకాఫ్‌కు ముందు మారిపోతే క్రూ ఎందుకు వద్దంటారో చాలామందికి అర్థం కాదు. ఎవరెక్కడ కూర్చున్నారన్న లెక్క మీదే విమానం బరువు ఎటు మొగ్గుతుందో కట్టి ఉంటారు. చిన్నదైన ఏటీఆర్‌లో అయితే పదిమంది అటూ ఇటూ మారినా తేడా తెలుస్తుంది. అడిగి మారండి, అంతే.

ఇంధనం నింపుతున్నప్పుడు బెల్టు పెట్టుకోవద్దంటారేం?

కింద మంట అంటుకుంటే లేచి పరుగెత్తడానికి. ఆ సమయంలో సీటు బెల్టు గుర్తు ఆర్పి ఉంటుంది, పొగ తాగరాదన్న గుర్తు వెలుగుతూ ఉంటుంది, నడవా, తలుపులు ఖాళీగా ఉండాలి, క్రూ తలుపుల దగ్గరే ఉంటారు. నడవాలో నిలబడి సంచి సర్దుకుంటున్నవాళ్ళను కూర్చోమని తొందరపెట్టేది కూడా అందుకే.

ఎమర్జెన్సీ తలుపు పక్క సీటు అందరికీ ఎందుకివ్వరు?

ఏ320 రెక్కల మీద తలుపు సుమారు 15 కిలోలు. తెరిచేవాళ్ళు దాన్ని తీసి బయటికి విసిరేయాలి, అదీ ఎవరూ చెప్పకుండా, పొగలో. అందుకే పిల్లలకు, గర్భిణులకు, ఒడిలో బిడ్డ ఉన్నవాళ్ళకు, ఎక్స్‌టెన్షన్ బెల్టు కావలసినవాళ్ళకు, నడవడానికి సాయం కావలసినవాళ్ళకు ఆ సీటు ఇవ్వరు. ఎక్కువ డబ్బు కట్టి కొన్నా సరే, క్రూ అక్కడికి వచ్చి మాట్లాడినప్పుడు మీరు చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీయకపోతే మార్చే హక్కు వాళ్ళకుంది. చేతి సంచి కూడా కాళ్ళ దగ్గర పెట్టనివ్వరు, పైన అరలోకే పోవాలి.

"డోర్స్ టు ఆర్మ్‌డ్ అండ్ క్రాస్ చెక్" అంటే ఏమిటి?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే తీరిక ఉంటే ఇది చదవండి.

ప్రతి తలుపు అడుగున ఉబ్బెత్తుగా కనిపించే డబ్బాలో గాలి నింపుకునే జారుడుబల్ల మడిచి ఉంటుంది. దాని అంచున గర్ట్ బార్ అనే లోహపు కడ్డీ ఉంటుంది. తలుపు "ఆర్మ్" చేయడమంటే ఆ కడ్డీని విమానం నేలకు తగిలించడం. అప్పుడు తలుపు తెరిస్తే, తలుపు బయటికి పోతూ స్లయిడ్‌ను లాగుతుంది, సీసాలోని గ్యాస్ ఒక్కసారిగా విడుదలై 5-6 సెకన్లలో అది ఉబ్బి నేలదాకా జారుతుంది. "డిసార్మ్" చేస్తే కడ్డీ తలుపుకే అతుక్కుని ఉంటుంది, తలుపు మామూలు తలుపే.

ఏ320లో క్రమం ఇలా ఉంటుంది. ఎర్ర రిబ్బను వేలాడే సేఫ్టీ పిన్ను పీకి దాని గూట్లో పెట్టాలి. లివర్‌ను కిందికి ఆర్మ్‌డ్ స్థానందాకా పూర్తిగా నొక్కాలి. గుర్తు మారిందో లేదో కళ్ళతో చూడాలి, చేత్తో చూపించాలి. తర్వాత ఎదురు తలుపు దగ్గరున్న మనిషి వచ్చి మీది చూస్తారు, మీరు వెళ్ళి వాళ్ళది చూస్తారు. క్రాస్ చెక్ అంటే అదే. ఆ తర్వాతే ఇంటర్‌కమ్‌లో వెనక నుంచి ముందుకు కబురు.

దిగాక ఇదంతా తిరగతిప్పాలి: లివర్ పైకి, పిన్ను లోపలికి, రిబ్బను బయటికి కనపడేలా. తప్పులు జరిగేదీ ఇక్కడే. ఆ రోజు నాలుగో సెక్టారు (ఫ్లైటు), రాత్రి 1 గంట, చెయ్యి అలవాటుగా హ్యాండిల్ మీదికి పోతుంది. అందుకే తలుపులో చిన్న గాజు కిటికీ కింద రెండు దీపాలు పెట్టారు. హ్యాండిల్‌ను కొద్దిగా ఎత్తగానే తెల్ల దీపం వెలిగితే స్లయిడ్ ఇంకా ఆర్మ్‌లోనే ఉందని అర్థం, అక్కడే ఆగాలి. ఎర్ర దీపం మిణుకుమంటే లోపల గాలి ఒత్తిడి ఇంకా మిగిలి ఉంది, తెరిస్తే తలుపు విసురుగా పోయి మనిషినే లాక్కుపోతుంది. పొరపాటున స్లయిడ్ విచ్చుకుంటే లక్షల రూపాయల ఖర్చు, విమానం అక్కడే ఆగిపోతుంది, బయట మెట్లు తోస్తున్న మనిషికి తగిలితే ప్రాణాపాయం. బయటి నుంచి హ్యాండిల్ తిప్పితే మాత్రం ఏ320 తలుపు తనంతట తానే డిసార్మ్ అవుతుంది.

బోయింగ్ 737లో లివర్ ఉండదు. ఆ కడ్డీని క్రూ వంగి చేత్తో తీసి నేల మీది కొక్కేల్లో పెడతారు, తలుపు కిటికీ మీద ఎర్ర పట్టీ అడ్డంగా కడతారు. ఆ పట్టీ కనిపిస్తే తలుపు జోలికి పోవద్దని బయటివాళ్ళకు హెచ్చరిక.

టేకాఫ్‌కు కిటికీ తెర ఎత్తడం, సీటు నిటారుగా పెట్టడం, దీపాలు తగ్గించడం ఎందుకు?

తెర ఎత్తితే ఇంజనులో మంట కనిపిస్తుంది. ముందుగా చూసేది చాలాసార్లు ప్రయాణికులే. దీపాలు తగ్గిస్తే కళ్ళు చీకటికి అలవాటు పడతాయి, కరెంటు పోయినా నడవా వెంట నేల మీద మెరిసే గీత కనిపిస్తుంది. వాల్చిన సీటు మీకు అడ్డం కాదు, మీ వెనక వరుస మధ్య సీటులో ఉన్నాయనకు అడ్డం. ట్రే కూడా అంతే.

టేకాఫ్ అప్పుడు క్రూ ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చుంటారేం?

అరచేతులు తొడల కింద పెట్టుకుని, వీపు సీటుకు ఆనించి కూర్చున్నవాళ్ళను చూస్తే కునుకు తీస్తున్నారనిపిస్తుంది. నిజానికి మనసులో ఒక చిన్న పాఠం వల్లెవేస్తుంటారు. ఇప్పుడే టేకాఫ్ ఆగిపోతే ఏం చేయాలి? నా తలుపు హ్యాండిల్ ఎటు తిరుగుతుంది, ఏ320 పైకి, ఏటీఆర్ వేరు. టార్చి ఎక్కడ? నా ఎదురుగా సాయపడగల మనిషెవరు, సాయం కావలసినవాళ్ళెవరు? ఏమని అరవాలి? దీన్ని సైలెంట్ రివ్యూ అంటారు, 30 సెకన్ల పని. ఒకే రోజు రెండు రకాల విమానాలు ఎక్కేవాళ్ళకు ఇది మరీ అవసరం.

ప్రమాదాల్లో ఎక్కువ భాగం గాల్లోకి లేచిన తొలి 3 నిమిషాల్లో, దిగడానికి ముందు 8 నిమిషాల్లో జరుగుతాయని ఈ వృత్తిలో చెప్పుకుంటారు. 10,000 అడుగుల లోపు ఉన్నంతసేపు పైలట్లకు ఫోన్ చేయరు, ప్రమాదమైతే తప్ప. కాఫీ కావాలా అని అడగడానికి అది సమయం కాదు.

భోజనం ట్రాలీ నడపడంలో అంత జాగ్రత్తేముంది?

నిండిన పెద్ద ట్రాలీ 80 కిలోల దాకా తూగుతుంది. కింద రెండు పెడల్స్, ఎర్రది నొక్కితే బ్రేకు, పచ్చది నొక్కితే కదులుతుంది. విమానం ఇంకా ఎక్కుతుండగా ముక్కు పైకెత్తి ఉంటుంది, అప్పుడు బ్రేకు వేయని ట్రాలీ వెనక గ్యాలీ దాకా దొర్లుతుంది. ట్రాలీ వచ్చేటప్పుడు నడవా సీటులో మోచెయ్యి, మోకాలు లోపలికి లాక్కోండి. ఎక్కువ దెబ్బలు తగిలేది అక్కడే. టీ కప్పు ముప్పావు వంతే పోస్తారు, మీ తల మీదుగా అందించరు, ట్రే మీద పెట్టి చూపిస్తారు. పసిపిల్ల ఒడిలో ఉంటే వేడిది పక్క సీటాయనకే ఇస్తారు.

దేశీయ విమానాల్లో మద్యం వడ్డించరు. మీరు తెచ్చుకున్న డ్యూటీ ఫ్రీ సీసా తెరవడం కూడా కుదరదు. పైలట్లిద్దరికీ ఒకే వంట ఇవ్వరు, ఆహారం చెడితే ఒకరైనా బాగుండాలని.

కుదుపులొస్తే టీ ఆపేస్తారు. అంత భయమా?

కప్పులో టీని చూసి కుదుపును కొలుస్తారు. టీ ఊగుతుందిగానీ ఒలకడం లేదంటే తేలికపాటి కుదుపు, సర్వీసు నడుస్తుంది. ఒలుకుతుందంటే మధ్యరకం, వేడివి లోపల పెట్టి ట్రాలీలు గ్యాలీలోకి తోస్తారు. వస్తువులు ఎగురుతున్నాయంటే తీవ్రం. అప్పుడు గ్యాలీకి పరుగెత్తరు. ట్రాలీ బ్రేకు వేసి, వేడినీళ్ళ జగ్గు ట్రాలీలోనో నేల మీదో పెట్టి, ఖాళీ సీటుంటే అందులో, లేకపోతే నేల మీద కూర్చుని సీటు కాళ్ళు పట్టుకుంటారు. 2024 మే 21న లండన్ నుంచి సింగపూర్ వెళ్తున్న బోయింగ్ 777 ఇలాంటి కుదుపులో చిక్కి బ్యాంకాక్‌లో దిగింది. ఒక ప్రయాణికుడు చనిపోయాడు, చాలామంది గాయపడ్డారు. సీటు బెల్టు గుర్తు ఆరిపోయినా కూర్చున్నంతసేపు బెల్టు వదులుగానైనా పెట్టుకోమనేది అందుకే.

ఫోన్ సీటు సందులో పడిపోయింది. సీటు కదిపి తీసుకోవచ్చా?

వద్దు. కదలకుండా బటన్ నొక్కి క్రూను పిలవండి. సీటు వెనక్కి వాల్చగానే లోపలి ఇనుప కడ్డీ ఫోన్‌ను నలిపేస్తుంది, లిథియం బ్యాటరీ పగిలి మంట లేస్తుంది. ఇది ఊహ కాదు, విమానాల్లో బ్యాటరీ మంటలకు బాగా తెలిసిన కారణాల్లో ఒకటి.

మంట లేస్తే ముగ్గురు మూడు పనులు చేస్తారు: ఒకరు ఆర్పుతారు, ఒకరు పైలట్లకు చెబుతూ ఉంటారు, ఇంకొకరు సిలిండర్లు, పొగ ముసుగులు అందిస్తూ ప్రయాణికులను దూరం జరుపుతారు. పొగ ముసుగు సుమారు 15 నిమిషాలు పనిచేస్తుంది. హేలాన్ సిలిండర్ 10 సెకన్లలో ఖాళీ అవుతుంది, కాబట్టి మంట మొదట్లో కొట్టాలి. హేలాన్ మంటను ఆర్పుతుందిగానీ బ్యాటరీని చల్లార్చదు. ఒక సెల్ వేడికి పక్క సెల్ అంటుకుంటుంది, ఆరిందనుకున్నది మళ్ళీ లేస్తుంది. అందుకే వెంటనే నీళ్ళు, జ్యూస్, కూల్‌డ్రింక్, మద్యం కానిది ఏదైనా సరే పోస్తూనే ఉంటారు. ఐసు వేయకూడదు, దుప్పటి కప్పకూడదు, అవి వేడిని లోపలే పట్టి ఉంచుతాయి. పొగ వస్తున్నంతసేపు దాన్ని చేత్తో ఎత్తరు. చల్లబడ్డాక నీళ్ళున్న డబ్బాలో ముంచి, ఒకరు కాపలా ఉంటారు.

పవర్ బ్యాంకుకు ఇదే లెక్క. అది చెక్-ఇన్ పెట్టెలో పెట్టకూడదు, పక్కనుంటేనే ఎవరైనా ఆర్పగలరు. 100 వాట్ అవర్ల దాకా అనుమతి అడగక్కర్లేదు, 100 నుంచి 160 దాకా సంస్థ ఒప్పుకోవాలి. మీ దాని మీద ఎంఏహెచ్ మాత్రమే రాసి ఉంటే 3.7తో గుణించి 1000తో భాగించండి. 20,000 ఎంఏహెచ్ అంటే 74. 27,000 దాకా పర్వాలేదు. అంకెలు చెరిగిపోయినవి సెక్యూరిటీలోనే ఆపేయొచ్చు.

టాయిలెట్‌లో సిగరెట్ తాగొద్దంటూనే తలుపు మీద యాష్‌ట్రే ఎందుకుంచారు?

నిషేధం ఉన్నా తాగేవాడు తాగుతాడు. ఆ ముక్కను కాగితాల బుట్టలో పడేయకుండా ఉండటానికి. అక్కడ యాష్‌ట్రే ఉండాలన్నది నియమం కూడా. క్రూ 20, 30 నిమిషాలకోసారి టాయిలెట్లోకి వెళ్ళేది టిష్యూలు సర్దడానికి మాత్రమే కాదు. చెత్తబుట్ట మూత స్ప్రింగుతో మూసుకుంటుందా, స్మోక్ డిటెక్టర్ మీద ఎవరైనా ప్లాస్టిక్ కవరు కప్పారా అని చూస్తారు. పట్టుబడితే దిగగానే పోలీసులకు అప్పగిస్తారు.

ఆక్సిజన్ మాస్కు ముందు మీకు, తర్వాత పిల్లలకు. ఇది న్యాయమేనా?

న్యాయం సంగతి తర్వాత, సమయం లెక్క చూడండి. 35,000 అడుగుల ఎత్తులో గాలి పోతే తెలివిగా పని చేయగలిగేది 30 నుంచి 60 సెకన్లే. బిడ్డకు పెట్టడానికి తంటాలు పడుతూ తల్లి స్పృహ తప్పితే ఇద్దరికీ దిక్కుండదు. ముందు తను పెట్టుకుంటే, అప్పటికి స్పృహ తప్పిన బిడ్డకు పెట్టినా తేరుకుంటుంది.

లోపలి ఒత్తిడి 14,000 అడుగుల ఎత్తుకు సమానమైతే మాస్కులు వాటంతటవే రాలతాయి. రాలితే చాలదు, గట్టిగా కిందికి లాగాలి, అప్పుడే పైన రసాయనం మండి ఆక్సిజన్ వస్తుంది. ఏదో కాలిన వాసన వస్తుంది, కంగారు పడొద్దు, అది ఆ రసాయనం వేడి. సంచి ఉబ్బకపోయినా ఆక్సిజన్ వస్తూనే ఉంటుంది. 12 నుంచి 15 నిమిషాలు సరిపోతుంది, ఈలోగా పైలట్లు 10,000 అడుగులకు దించేస్తారు. క్రూ ఎక్కడుంటే అక్కడే దగ్గరి మాస్కు పట్టుకుని కూర్చుంటారు. అప్పుడు వాళ్ళు మీ దగ్గరికి రాలేదని కోప్పడకండి.

మూడు సీట్ల వరుసకు నాలుగు మాస్కులే ఉంటాయి. అందుకే ఒకే వైపు వరుసలో ఇద్దరు చంటిపిల్లలను కూర్చోనివ్వరు.

ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే?

ఎక్కువగా జరిగేది సొమ్మసిల్లడం. పొద్దున్నుంచి ఏమీ తినకుండా విమానం ఎక్కినవాళ్ళు, ఉపవాసాలున్న పెద్దవాళ్ళు, చాలాసేపు కూర్చుని హఠాత్తుగా లేచినవాళ్ళు. నడవాలోనో గ్యాలీలోనో పడుకోబెట్టి కాళ్ళు ఎత్తి పెడితే నిమిషాల్లో తేరుకుంటారు. షుగర్ ఉన్నవాళ్ళకు, స్పృహ ఉంటే, తీపి జ్యూస్. అవసరమైతే చిన్న సిలిండర్‌తో ఆక్సిజన్. డాక్టరుంటే రమ్మని ప్రకటన చేస్తారు, వచ్చినవాళ్ళ గుర్తింపు చూసి మెడికల్ కిట్ తెరుస్తారు.

ఊపిరి ఆగితే వెంటనే సీపీఆర్: 30 సార్లు ఛాతీ నొక్కి 2 సార్లు ఊదడం, 5-6 సెంటీమీటర్ల లోతు, నిమిషానికి 100-120 సార్లు. సీట్ల మధ్య కుదరదు కాబట్టి ముందు మనిషిని గ్యాలీ దగ్గరికి లాగుతారు. ఇంకొకరు ఏఈడీ తెస్తారు. దారి మళ్ళించాలా అన్నది కెప్టెన్ నిర్ణయం. పెద్దలకు రోజువారీ మందులు చెక్-ఇన్ పెట్టెలో పెట్టి పంపకండి, దారిలో అవి ఎవరికీ అందవు.

గొడవ చేసేవాళ్ళను ఏం చేస్తారు?

2017లో డీజీసీఏ తెచ్చిన నిబంధనల్లో మూడు స్థాయిలున్నాయి. నోటిదురుసుకు 3 నెలల దాకా నిషేధం, చెయ్యి చేసుకుంటే 6 నెలల దాకా, ప్రాణాలకు ముప్పు తెచ్చే పనికి 2 ఏళ్ళు, అంతకు మించి. క్రూ ముందు మెల్లగా చెబుతారు, తర్వాత ఇంకొకరు మారి చెబుతారు. ఒక్కోసారి ముఖం మారితేనే మనిషి దిగొస్తాడు. అప్పుడు రాతపూర్వక హెచ్చరిక, చివరికి కెప్టెన్ అనుమతితో ప్లాస్టిక్ బంధనాలు. జరిగినదంతా సాక్షుల సీటు నంబర్లతో సహా అక్కడే రాసిపెడతారు. సరిగ్గా రాయని రిపోర్టుతో కేసు నిలవదు.

పైలట్ బయటికి వస్తే ట్రాలీ అడ్డం పెడతారేం?

కాక్‌పిట్ తలుపు తెరుచుకునే ఆ కొద్ది క్షణాలు ఎవరూ అటు రాకూడదని. పైలట్ ఒకరు టాయిలెట్‌కు వెళ్తే క్రూలో ఒకరు లోపల ఉంటారు, రెండో పైలట్‌ను ఒంటరిగా వదలరు. కాక్‌పిట్ తలుపు అంటే ఎంత విలువో 1986 సెప్టెంబర్ 5న కరాచీలో తేలింది. పాన్ ఆమ్ 73లోకి హైజాకర్లు ఎక్కగానే సీనియర్ పర్సర్ (క్యాబిన్ క్రూకు పెద్ద) నీరజా భనోత్ కాక్‌పిట్‌కు కబురందించారు. పైలట్లు పైకప్పు ద్వారం గుండా తప్పించుకోవడంతో విమానం నేల మీదే ఉండిపోయింది. ఆమె అక్కడే ప్రాణాలు కోల్పోయారు, దేశం అశోక చక్రతో గౌరవించింది.

ఆవకాయ, కొబ్బరికాయ తీసుకెళ్ళొచ్చా?

ఇది క్రూ చేతిలో లేదు, సెక్యూరిటీది. అయినా అడిగేది వాళ్ళనే. నూనె తేలే పచ్చడి చేతి సంచిలో ఉంటే ఆపేయొచ్చు. గట్టిగా సీలు చేసి చెక్-ఇన్‌లో పెట్టండి. ఎండుకొబ్బరి రెండింటిలోనూ కుదరదు, దాని నూనెకు తనంతట తానే వేడెక్కి అంటుకునే గుణం ఉంది. 2024 శబరిమల సీజనులో ఇరుముడిలోని కొబ్బరికాయకు మాత్రం ప్రత్యేక అనుమతి ఇచ్చారు.

దిగే ముందు అంత హడావుడి ఎందుకు?

పది నిమిషాల్లో గ్యాలీలో ఉన్న ప్రతి ట్రాలీ గూట్లోకి పోవాలి, ప్రతి గూటికి ఎర్ర గొళ్ళెం తిరగాలి, ఓవెన్లు ఆగాలి, టాయిలెట్లు ఖాళీ చేయించి తాళం వేయాలి, 180 బెల్టులు చూడాలి. ఒక్క గొళ్ళెం మరిచినా బ్రేకులు పడగానే ట్రాలీ దూసుకొస్తుంది. అన్నీ అయ్యాక లీడ్ "క్యాబిన్ రెడీ" బటన్ నొక్కుతారు, పైలట్ల తెర మీద కనిపిస్తుంది. మీ చివరి కాఫీ కప్పు కోసం చెయ్యి చాచి నిలబడినప్పుడు వాళ్ళ తొందర అదే.

విమానం ఖాళీ చేయాల్సి వస్తే?

సమయం ఉంటే కెప్టెన్ లీడ్‌ను పిలిచి నాలుగు ముక్కలు చెబుతారు: ఏమైంది, ఏం చేయబోతున్నాం, ఎంత సమయముంది, ప్రత్యేకంగా ఏమైనా ఉందా. లీడ్ వాటిని తిరిగి అప్పజెప్పాలి, తప్పు వినలేదని తేల్చుకోవడానికి. సమయం లేకపోతే ఆజ్ఞ నేరుగా వస్తుంది. మంటలు, విరిగిన బాడీ, నీళ్ళు కళ్ళకు కనిపిస్తుంటే ఆజ్ఞ కోసం చూడకుండా క్రూయే మొదలుపెట్టొచ్చు.

తలుపు తెరిచే ముందు కిటికీలోంచి చూస్తారు. బయట మంట ఉంటే ఆ తలుపు ముట్టరు, అడ్డంగా నిలబడి వేరే వైపు పంపుతారు. బాగుంటే తెరిచి, పక్కనున్న పిడి ఒక చేత్తో పట్టుకుని, ఎర్ర హ్యాండిల్ కూడా లాగుతారు, స్లయిడ్ తనంతట తాను ఉబ్బినా సరే. ఆ పిడి పట్టుకోకపోతే వెనకనుంచి తోసే జనం ముందు వాళ్ళనే కిందికి నెట్టేస్తారు. తర్వాత అరుపులు: "బెల్టు తీయండి! సామాను వదిలేయండి! ఇటు రండి! దూకండి!" మర్యాదలు ఉండవు. సగం తలుపులతోనే 90 సెకన్లలో అందరూ బయటపడగలరని విమానం తయారీదారు ముందే నిరూపించి ఉంటారు. ఆ లెక్కలో ఎవరి చేతిలోనూ బ్యాగు లేదు.

2024 జనవరి 2న టోక్యో హనేడాలో జపాన్ ఎయిర్‌లైన్స్ ఏ350 రన్‌వే మీద కోస్ట్ గార్డ్ విమానాన్ని ఢీకొని మంటల్లో చిక్కింది. అందులో 367 మంది ప్రయాణికులు, 12 మంది సిబ్బంది. మైకు వ్యవస్థ పనిచేయలేదు, క్రూ మెగాఫోన్లతో, గొంతులతో నడిపారు. ఉన్న 8 తలుపుల్లో 3 మాత్రమే వాడదగ్గవని చూసుకుని వాటి గుండానే పంపారు. 379 మందీ బయటపడ్డారు. విమానం బూడిదైంది, పెట్టెలతో సహా.

అందరూ దిగాక వాళ్ళూ వెళ్ళిపోతారా?

వీల్‌చైర్ ప్రయాణికులు చివర దిగుతారు, వాళ్ళు దిగేదాకా క్రూ కదలరు. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళే అమ్మానాన్నల కోసం వీల్‌చైర్ బుక్ చేసేవాళ్ళు, విమానం ఆగిన వెంటనే లేవొద్దని, సీటులోనే ఉండమని ముందే చెప్పి పంపండి. జనంతో పాటు దిగి గేటు దగ్గర తప్పిపోయేది ఇక్కడే.

తర్వాత మళ్ళీ అదే సోదా: సీటు జేబులు, అరలు, టాయిలెట్. దొరికిన ఫోన్లు, కళ్ళజోళ్ళు సీటు నంబరుతో గ్రౌండ్ స్టాఫ్‌కు అప్పగిస్తారు. విరిగిన ట్రే, పనిచేయని రీడింగ్ లైటు లాగ్‌బుక్‌లోకి ఎక్కుతాయి. తక్కువ ధర సంస్థల్లో తర్వాతి ఫ్లైటుకు చేతిలో ఉండేది అరగంటే. క్లీనర్లు ఇంకా వెనక వరుసల్లో ఉండగానే లీడ్ ముందు తలుపు దగ్గర నిలబడి క్లిక్కర్‌ను సున్నాకు తిప్పుతారు.